కొండ నుంచి కడలి దాకా

ఇసకలో ఎర్ర గీతలు

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది. ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరి చుట్టూ కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఎదురుగా సముద్రం.

పొద్దున్నే ఒడ్డుకు వెళితే ఇసక మీద గీతలు కనిపిస్తాయి. అల వెనక్కి పోయిన చోట అవి ఏర్పడతాయి. కొన్ని నల్లని గీతలు. కొన్ని ఎర్రని గీతలు. ఇసక మీద ఎవరో కుంకం చల్లినట్టు ఉంటుంది.

ఆ ఊరి ఆడవాళ్ళు ఈ గీతల్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. పిల్లలు ఆ ఎర్ర ఇసకను దోసిట్లో పోసుకుని ఆడుకుంటారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

ఊళ్ళో డ్వాక్రా సంఘం ఉంది. సంఘంలో చాలామంది ఈమధ్యే చదవడం నేర్చుకున్నారు. రాత్రిపూట కలిసి కూర్చుని చదువుకుంటారు. ఒక రాత్రి వాళ్ళ మాటల్లో కొండ సంగతి వచ్చింది. ఊరికి పడమటి దిక్కున నీలంగా ఒక కొండ కనిపిస్తుంది. అదే మహేంద్రగిరి.

"రోజూ సూస్తన్నాం. ఎప్పుడైనా ఎల్లామేటి?" అంది ఒక ముసలమ్మ.

"ఎల్దాం అత్తా. ఒక్క రోజు పనికి పోకపోతే ఏటవుతాది?" అంది కోడలి వరసామె.

అలా ఎనిమిది మంది బయలుదేరారు. సంక్రాంతి వెళ్ళిన వారం అది. వాళ్ళకు చదువు చెప్పే అమ్మాయి కూడా వెంట వచ్చింది.

దారిలో

జీపు పలాస చేరింది. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్ళు. ఇక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా ఆడవాళ్ళే పనిచేస్తారు. గింజ కొట్టాలి. పప్పు తియ్యాలి. పైపొర వలవాలి. పప్పులను రకాలుగా ఏరాలి. జీడి గింజ తొక్కలో నూనె ఉంటుంది. అది చేతికి తగిలితే కాలుతుంది.

జీడి మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టిల్లు బ్రెజిల్ దేశం. కొన్ని వందల ఏళ్ళ కిందట పోర్చుగీసు వాళ్ళు దాన్ని ఓడల్లో మన దేశానికి తెచ్చారు. ఇసక నేలలోను, ఎర్ర నేలలోను అది బాగా పెరుగుతుంది. వేళ్ళతో మట్టిని పట్టి ఉంచుతుంది. అందుకే ఉద్దానంలో నిలబడింది.

పలాస దాటి జీపు మందస వైపు తిరిగింది. మందసలో పాత వాసుదేవ పెరుమాళ్ గుడి ఉంది. మందస కోవాకు కూడా మంచి పేరు. అక్కడి నుంచి చూస్తే కొండ ఇంకా పెద్దగా కనిపించింది. నీలం రంగు పోయి పచ్చగా మారింది.

మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. తాడిచెట్టు ఎత్తు ఇరవై మీటర్లు అనుకుందాం. అలాంటివి డెబ్బై అయిదు చెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టాలి. అంత ఎత్తు. సముద్రం నుంచి కొండ సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది.

కొండ శిఖరం ఒడిశా రాష్ట్రంలో ఉంది. గజపతి జిల్లా కిందికి వస్తుంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది. శిఖరం అటు పోయింది. మందస ఇటు ఉంది. మనుషులకు హద్దు ఉంది. కొండ మీద పడిన వానకు మాత్రం హద్దు లేదు. అది రెండు వైపులకూ పారుతుంది.

కొండ మీద పాత రాతిగుళ్ళు ఉన్నాయి. భీముడి పేరున ఒకటి. కుంతి పేరున ఒకటి. ధర్మరాజు పేరున ఒకటి. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనమూ కొండ ఎక్కుతారు.

కొండ కింది ఊరు

జీపు దారి అయిపోయింది. అక్కడి నుంచి నడక. కొంత దూరం పోతే ఒక సవర గూడెం వచ్చింది.

సవరలు చాలా పాతకాలం నుంచి ఈ కొండల్లో ఉంటున్నారు. వాళ్ళ ఇళ్ళు రెండు వరసల్లో ఎదురెదురుగా ఉంటాయి. మట్టి గోడలు. ఎత్తైన అరుగులు. చూరు బాగా కిందికి ఉంటుంది. వంగి లోపలికి పోవాలి. ఇప్పుడు చాలా చోట్ల స్లాబు ఇళ్ళు వచ్చాయి.

ఒక సవర ఆమె అరుగు మీద అడ్డాకులు కుడుతోంది. వచ్చిన వాళ్ళను చూసి లేచింది. చాప వేసింది.

"ఎండన పడొచ్చారు. కూకోండి అప్పా" అంది.

చోడి అంబలి తెచ్చి ఇచ్చింది. కొండవాలున చోళ్ళు, సామలు, కందులు పండిస్తారు. అడవిలో చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, తేనె సేకరిస్తారు. వాటిని సంతకు తెచ్చి అమ్ముతారు.

ఆమె తన పిల్లతో ఇంకో భాషలో మాట్లాడింది. వచ్చిన వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది సవర భాష. అది తెలుగుకు చుట్టం కాదు. ఒడియాకూ చుట్టం కాదు. జార్ఖండ్ వైపు మాట్లాడే ముండారీ, సంతాలీ భాషలు దాని చుట్టాలు. దూరపు చుట్టాలు ఇంకా దూరంగా ఉన్నాయి. కంబోడియా, వియత్నాం దేశాల భాషలు కూడా ఆ కుటుంబానివే.

ఈ భాషను ఒక తెలుగు మేష్టారు నేర్చుకున్నారు. ఆయన గిడుగు రామమూర్తి. 1863లో శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పేవారు. సవరల భాష సవరల దగ్గరే నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు. నిఘంటువు రాశారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలన్నారు.

తెలుగు కోసం కూడా ఆయన పోరాడారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలన్నారు. అప్పటి పుస్తకాల తెలుగు మామూలు మనిషికి అర్థమయ్యేది కాదు. ఈరోజు కొత్తగా చదువుకున్న ఆడవాళ్ళు పుస్తకం తెరిచి అర్థం చేసుకుంటున్నారంటే అందులో ఆయన పాలు ఉంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29. ఆ రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం.

రాతి కట్ట

గూడెం వెనక గెడ్డ పారుతోంది. గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా మడులు ఉన్నాయి. ప్రతి మడి అంచున రాతి కట్ట ఉంది. సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టారు. పై మడి నిండితే నీరు కింది మడిలోకి దిగుతుంది. అది నిండితే దాని కింది మడిలోకి పోతుంది. మట్టి మాత్రం కొట్టుకుపోదు.

"ఇంజినీరు ఎవరొచ్చి సెప్పారు?" అని ముసలమ్మ అడిగింది.

సవర ఆమె నవ్వింది. "మా తాతలు కట్టారు. రాయి జారితే మేము మళ్ళీ పెడతాం. అంతే" అంది.

కట్టకు పేర్చిన రాళ్ళలో ఒకటి విరిగి ఉంది. పైన నల్లగా ఉంది. లోపల మాత్రం బూడిద రంగు. అందులో ఎర్ర ఎర్రని రవ్వలు మెరుస్తున్నాయి.

ముసలమ్మ ఆ రాయి ముక్కను చేతిలోకి తీసుకుంది. ఎక్కడో చూసినట్టు అనిపించింది. సవర ఆమెను అడిగి ఆ ముక్క కొంగున ముడి వేసుకుంది.

ఇది అగ్నికొండేనా?

దారి పొడుగునా పెద్ద పెద్ద నల్ల బండలు ఉన్నాయి. ఒకామెకు అనుమానం వచ్చింది.

"ఈ బండలు కాలిపోయినట్టున్నాయి. ఈ కొండ ఎప్పుడైనా మండిందేటి?"

ఆమె కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. కొన్ని కొండలు నిప్పులు కక్కుతాయని బడిలో చెప్పారట. వాటిని అగ్నిపర్వతాలు అంటారట.

భూమి లోపలికి పోయే కొద్దీ వేడి పెరుగుతుంది. బాగా లోతున కొన్ని చోట్ల రాయి కరిగిపోతుంది. మరిగే నీటి వేడి 100 డిగ్రీలు. కరిగిన రాతి వేడి 1,000 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ కరిగిన రాయి పగుళ్ళ నుంచి పైకి తోసుకొస్తుంది. దాన్ని లావా అంటారు. లావాతో పాటు పొగ, బూడిద కూడా వస్తాయి. చల్లారాక లావా నల్లరాయి అవుతుంది. అందులో చాలాసార్లు ఇడ్లీకి ఉన్నట్టు చిల్లులు ఉంటాయి.

మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కే కొండ ఒక్కటే ఉంది. అది అండమాన్ దీవుల దగ్గర ఉంది. దాని పేరు బారెన్ దీవి. పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) సుమారు 135 కిలోమీటర్ల దూరం. చాలా ఏళ్ళు అది నిద్రపోయినట్టు ఉండేది. 1991లో మళ్ళీ లేచింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు పొగ, నిప్పు కక్కింది. ఆ దీవిలో మనుషులు ఉండరు. శ్రీకాకుళం జిల్లా నుంచి చాలామంది పనికోసం అండమాన్ పోయి స్థిరపడ్డారు. ఉద్దానంలో ఎవరినడిగినా అక్కడ ఒక చుట్టం ఉంటాడు.

తెలుగు నేల మీద కూడా లావా రాయి ఉంది. రాజమండ్రి దగ్గర కాతేరులో ఉంది. గోదావరికి అవతల పంగిడిలో ఉంది. అక్కడ తవ్విన నల్లకంకర రోడ్లకు వాడతారు. అది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటి లావా. అప్పుడు మన దేశం పడమటి వైపున నేల పగిలి లావా పొర్లింది. మహారాష్ట్రను చాలా మట్టుకు కప్పేసింది. తెలంగాణ పడమటి భాగం దాకా వచ్చింది. అక్కడి నల్లరేగడి నేల ఆ రాయి చివికి అయిందే.

మరి మహేంద్రగిరి? ఇది అగ్నికొండ కాదు. ఇది నిప్పులు కక్కలేదు. బండల మీది నలుపు కాలిన నలుపు కాదు. ఎండకు, వానకు, పాచికి అలా నల్లబడింది.

రొట్టె కాలినట్టు కాలిన రాయి

అయినా ఈ కొండ రాయి వేడి చూసిన రాయే. ఆ వేడి వేరు.

బెల్లం పాకం పొంగి పొయ్యి మీద పడుతుంది. జారి గట్టిపడుతుంది. లావా రాయి అలాంటిది. దిబ్బరొట్టి సంగతి వేరు. పిండి మూకుట్లో వేస్తాం. మూత పెడతాం. సన్నసెగ మీద చాలాసేపు కాలుస్తాం. పిండి పొంగి పొర్లదు. ఉన్నచోటే కాలి గట్టిపడుతుంది. పిండి రొట్టె అవుతుంది. మహేంద్రగిరి రాయి అలాంటిది.

ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ నీటి అడుగున బురద, ఇసక పేరుకున్నాయి. తర్వాత నేల ముడుచుకుంది. ఆ బురద భూమి లోపలికి చాలా లోతుకు పోయింది. పైన కొండంత బరువు. కింద వేడి. అలా చాలాకాలం కాలింది. సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందటి మాట ఇది. బురద గట్టి రాయి అయింది. అందులోని కొన్ని పదార్థాలు కలిసి ఎర్ర రవ్వలయ్యాయి. ఆ ఎర్ర రవ్వ పేరు గార్నెట్.

ఈ రాతికి ఖోండలైట్ అని పేరు పెట్టారు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. దీని పక్కనే ఇంకా గట్టి నల్లరాయి కూడా ఉంటుంది. దాన్ని చార్నొకైట్ అంటారు.

తర్వాత నేల మెల్లగా పైకి లేచింది. పైన ఉన్నదంతా వానకు అరిగిపోయింది. లోతున కాలిన రాయి బయటపడింది. అదే ఈ కొండ.

ఇంకో వింత ఉంది. ఒకప్పుడు మన తూర్పు కనుమల నేల, అంటార్కిటికా నేల కలిసి ఉండేవి. అంటార్కిటికా అంటే భూమికి దక్షిణపు కొసన ఉన్న మంచు ఖండం. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట రెండూ విడిపోయాయి. మధ్యలోకి సముద్రం వచ్చింది. ఈ కొండ రాయిలాంటి రాయి ఆ మంచు కింద కూడా ఉంది.

సముద్రం చెరిగిన ఇసక

కొండ రాయి వానకు, ఎండకు మెల్లగా చివుకుతుంది. ఎర్రమట్టి అవుతుంది. వాన ఆ మట్టిని గెడ్డలోకి తెస్తుంది. గెడ్డ ఏటిలో కలుస్తుంది. ఏరు సముద్రంలో కలుస్తుంది.

మట్టితో పాటు ఎర్ర రవ్వలూ వస్తాయి. అవి అంత త్వరగా అరగవు. నల్ల రవ్వలు కూడా వస్తాయి. వాటి పేరు ఇల్మనైట్. ఈ రెండూ మామూలు ఇసక కన్నా బరువు.

ఆడవాళ్ళు చేటతో బియ్యం చెరుగుతారు. తేలికైన పొట్టు ఎగిరిపోతుంది. బరువైన గింజ చేటలో మిగులుతుంది. సముద్రం కూడా అదే పని చేస్తుంది. అల వచ్చి ఇసకను లేపుతుంది. తేలికైన ఇసకను వెనక్కి తీసుకుపోతుంది. బరువైన రవ్వలు ఒడ్డున మిగులుతాయి. అవే నల్ల గీతలు. అవే ఎర్ర గీతలు. కళింగపట్నం నుంచి భావనపాడు దాకా, ఆ పైన కూడా ఒడ్డున ఇలాంటి ఇసక ఉంది.

ఈ రవ్వలకు ధర కూడా ఉంది. గార్నెట్‌తో గరుకు కాగితం చేస్తారు. నల్లని ఇల్మనైట్ నుంచి తెల్లని రంగు చేస్తారు. గోడకు వేసే తెల్ల పెయింటులో అది ఉంటుంది.

కొండ కూతురు

మహేంద్రగిరిలో పుట్టిన ఏటి పేరు మహేంద్రతనయ. తనయ అంటే కూతురు. మహేంద్రతనయ అంటే మహేంద్రగిరి కూతురు. అది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టిల్లు కొండ. మెట్టినిల్లు కడలి. దారిలో ఎన్నో పొలాలను తడుపుతుంది.

వాన నాలుగు నెలలే పడుతుంది. మరి మాఘమాసంలో కూడా గెడ్డలో నీరు ఎలా ఉంటుంది? అడవి వల్ల ఉంటుంది. చెట్ల కింద ఆకులు రాలి మెత్తగా పేరుకుంటాయి. వేళ్ళు మట్టిని గుల్ల చేస్తాయి. వాన పడితే ఆ నేల గోనెసంచిలా తడిని పీల్చుకుంటుంది. నీరు రాతి పగుళ్ళలోకి దిగుతుంది. తర్వాత ఊటగా మెల్లగా బయటికి వస్తుంది.

చెట్లు పోతే నీరు నిలవదు. ఒక్కసారిగా కిందికి పరుగెడుతుంది. మట్టిని కూడా తీసుకుపోతుంది. వానాకాలంలో వరద వస్తుంది. ఎండాకాలంలో గెడ్డ ఎండుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర ఒడ్డు దాటింది. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూలిపోయాయి. అదే తుపాను కొండ మీద కూడా కురిసింది. గజపతి జిల్లాలో కొండచరియ విరిగి పడింది. చాలామంది చనిపోయారు.

"ఆ రేత్రి కొండ ఉరిమినట్టు చప్పుడైంది. పిల్లల్ని ఎత్తుకుని బడికాడికి పరిగెట్టాం" అని సవర ఆమె చెప్పింది.

"మాకు చెట్లు పోయాయి. మీకు కొండ జారింది. తుపాను మాత్రం ఒక్కటే" అంది ముసలమ్మ.

కొండచరియ విరిగే ముందు కొన్ని గుర్తులు కనిపించవచ్చు. వాలు మీద కొత్త పగుళ్ళు వస్తాయి. చెట్లు, స్తంభాలు పక్కకు ఒరుగుతాయి. గెడ్డ నీరు ఉన్నట్టుండి బురదగా మారుతుంది. లేదా ఉన్నట్టుండి ఆగిపోతుంది. అలా ఉంటే ఆలస్యం చేయకూడదు. వాలుకు, గెడ్డకు దూరంగా ఉన్న గట్టి నేలకు పోవాలి.

కట్టెల కోసం ప్రాణం

కొండ దారిలో ఆడవాళ్ళు కట్టెల మోపులతో దిగుతున్నారు. ఎండు పుల్లలే ఏరి తెచ్చారు.

ఇలాంటి కట్టెల కోసమే ఒకప్పుడు ఈ ప్రాంతంలో ప్రాణాలు పోయాయి. అప్పుడు మందస జమీందారీ ఉండేది. అడవి జమీందారుది. రైతు నాగలికి కర్ర కావాలన్నా అనుమతి ఉండాలి. రైతులు ఎదురు తిరిగారు. అడవికి పోయి కట్టెలు తెచ్చుకున్నారు. అది 1940వ సంవత్సరం. రైతులను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చారు. గుడారి రాజమణిపురంలో జనం అడ్డం నిలిచారు. ముందు నిలిచిన వాళ్ళలో గున్నమ్మ ఒకరు. ఆమె అప్పుడు గర్భిణి. పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ చనిపోయింది. మరికొందరు రైతులు చనిపోయారు. జనం ఆమెను వీర గున్నమ్మ అంటారు.

తర్వాత జమీందారీలు పోయాయి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవి భూమిని చాలాకాలంగా సాగుచేసుకుంటున్న గిరిజనులకు ఈ చట్టం పట్టా హక్కు ఇస్తుంది. తరతరాలుగా అడవి మీద బతికే ఇతరులకు కూడా హక్కు ఉంది. పట్టా మొగవాడి ఒక్కడి పేరున ఇవ్వకూడదు. భార్య పేరు, భర్త పేరు రెండూ ఉండాలి. తేనె, అడ్డాకు, చింతపండు లాంటివి సేకరించి అమ్ముకునే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది.

"నా పేరు కూడా ఉంది" అంది సవర ఆమె. లోపలి నుంచి కాగితం తెచ్చి చూపించింది. ఉద్దానం నుంచి వచ్చిన ఒకామె ఆ కాగితం పట్టుకుని చదివింది. కూడబలుక్కుంటూ చదివింది. రెండు పేర్లూ ఉన్నాయి.

కొండ ఒక్కసారే అమ్ముడవుతుంది

టెక్కలి చుట్టుపక్కల నీలిరంగు రాయి దొరుకుతుంది. వ్యాపారులు దాన్ని గ్రానైట్ అంటారు. శ్రీకాకుళం నీలిరాయి అంటే ఇతర దేశాల్లో కూడా గిరాకీ ఉంది. క్వారీల్లో పెద్ద పెద్ద బండలుగా కోస్తారు. ఫ్యాక్టరీల్లో పలకలుగా కోసి మెరుగు పెడతారు. ఇళ్ళకు, కార్యాలయాలకు పరుస్తారు. దీనివల్ల చాలామందికి పని దొరుకుతోంది. అది నిజమే.

ఇంకో నిజం కూడా ఉంది. చెట్టు నరికితే ఇంకోటి నాటవచ్చు. కొండ మళ్ళీ మొలవదు. పోయిన కొండతో అక్కడి ఊట కూడా పోతుంది.

రాతి దుమ్ము మనిషికి కూడా చెరుపు చేస్తుంది. సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళు గడిచాక ఆయాసం వస్తుంది. ఈ జబ్బు పేరు సిలికోసిస్. వచ్చాక పూర్తిగా నయం కాదు. రాకుండా చూసుకోవాలి. రాయి కోసేటప్పుడు, కొట్టేటప్పుడు నీళ్ళు చల్లితే దుమ్ము తక్కువ లేస్తుంది. పని ఇచ్చేవాళ్ళు మంచి మాస్కులు ఇవ్వాలి. కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. సన్నని దుమ్ము గుడ్డలోంచి దూరిపోతుంది.

కుండలో నీళ్ళు

ఆ రోజు వాళ్ళు శిఖరం దాకా పోలేదు. సగం కొండ ఎక్కి ఆగారు. వెనక్కి తిరిగి చూశారు. దూరంగా పచ్చని చారలా ఉద్దానం కనిపించింది. దాని అంచున తెల్లని గీతలా సముద్రం.

"మన ఊరు ఇంత సిన్నదా?" అంది కోడలి వరసామె.

ఎవరూ కొంతసేపు మాట్లాడలేదు. ఆమె భర్త కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో ఈ జబ్బు చాలా ఎక్కువ.

ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్ళా? ఎండలో చేసే పనా? తిండా? పురుగుమందులా? పుట్టుకతో వచ్చిన గుణమా? డాక్టర్లు అన్నిటినీ పరీక్షిస్తున్నారు. కొండ రాతి గుండా వచ్చే నీటిని కూడా పరీక్షించారు. రాయే కారణమని చెప్పడానికి రుజువు లేదు. ఇది ఎవరి పాపమూ కాదు. ఎవరి శాపమూ కాదు.

2023 డిసెంబరులో రెండు పనులు జరిగాయి. పలాసలో కిడ్నీ జబ్బుల ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. 200 పడకల ఆస్పత్రి అది. ఉద్దానానికి మంచినీటి పథకం కూడా ప్రారంభమైంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా తెస్తారు. వంశధార కూడా ఒడిశా కొండల్లోనే పుట్టింది. అంటే ఉద్దానంలో కుళాయి తిప్పితే వచ్చేది కొండ నీరే. కొండ మీద అడవి బాగుంటే ఆ నీరు బాగుంటుంది.

ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు. తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. అందుకే ఉద్దానంలో ఉన్నవాళ్ళు అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలి. రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. మూత్రం కూడా పరీక్షిస్తారు. ఒళ్ళు నొప్పులకు సొంతంగా మాత్రలు కొని మింగకూడదు. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీలను చెడగొడతాయి. ఎండలో పనిచేసేటప్పుడు మధ్యమధ్య నీడన కూర్చోవాలి. మంచినీళ్ళు తాగాలి. జబ్బు ముందే ఉన్నవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరును అడగాలి.

కొండకు పోయే వాళ్ళకు

కొండకు తెల్లవారకముందే బయలుదేరాలి. పొద్దుగూకకముందే దిగాలి. ఒంటరిగా పోకూడదు. దారి తెలిసిన ఊరి మనిషిని తోడు తీసుకోవాలి. వాళ్ళకు కూలి ఇవ్వాలి. వానాకాలంలో బండలు జారుతాయి. గెడ్డలు పొంగుతాయి. చలికాలం మంచిది.

గూడెంలో అడగకుండా ఇళ్ళలోకి పోకూడదు. అడగకుండా ఫోటోలు తియ్యకూడదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు కొండ మీద పారేయకూడదు. పారేస్తే అవి గెడ్డలో పడతాయి. గెడ్డలో పడినవి ఉద్దానం ఒడ్డుకే వస్తాయి.

మర్నాడు పొద్దున్న ముసలమ్మ ఒడ్డుకు వెళ్ళింది. కొంగు ముడి విప్పింది. కొండ రాయి ముక్క తీసింది. ఎర్ర గీత మీది ఇసకను చిటికెడు తీసి దాని పక్కన పోసింది. రెండిట్లోనూ ఒకే ఎరుపు.

పక్కన మనవరాలు నిలబడి చూస్తోంది.

"ఇదేటి మామ్మా?"

"కొండ నుంచి ఒచ్చింది అమ్మీ. మనం తాగే నీళ్ళలాగే."

మాట్లాడుకుందాం

1. లావా రాయికి, మహేంద్రగిరి రాయికి తేడా ఏమిటి?
2. సముద్రం ఒడ్డున ఎర్ర గీతలు ఎలా ఏర్పడతాయి?
3. కొండ మీద అడవి పోతే ఒడ్డున ఉన్న ఊరికి ఏం నష్టం?
4. మీ ఊరికి నీరు ఎక్కడి నుంచి వస్తుంది? తెలిసినవాళ్ళను అడిగి రాయండి.
5. మీ ఇంటి భూమి కాగితంలో ఎవరి పేరు ఉంది? చదివి చూడండి.